హజీరాలో ఐదు గేట్లు, ఐదు రకాల జీతాలు: కంపెనీ అధిపతులకు అంత వేతనం సమంజసమేనా?

సూరత్ నగరానికి నైరుతి దిశలో సుమారు 20 కిలోమీటర్ల దూరాన, తాపీ నది అరేబియా సముద్రంలో కలిసే చోటికి దక్షిణంగా డుమస్ ఉంది. నల్లని ఇసుక, టమాటా బజ్జీల బళ్లు ఈ ఊరికి గుర్తింపు తెచ్చాయి. సెలవు రోజున సూరత్ నగరం ఇక్కడికి తరలివస్తుంది. నగరం నుంచి డుమస్‌కు వచ్చే రహదారి వెంట ఖరీదైన బంగళాలు ఉన్నాయి. అదే రహదారి మీదుగా నగరపు మరో అంచున ఉన్న మరమగ్గాల కార్మికులూ కుటుంబాలతో వస్తారు. వారిలో వరంగల్, నల్గొండ, కరీంనగర్ ప్రాంతాల నుంచి తరాల క్రితమే వలస వెళ్లిన తెలుగువారు ఉన్నారు.

నదీముఖానికి ఆవలి ఒడ్డున ఉన్నది హజీరా. దేశంలోని అతి పెద్ద పారిశ్రామిక ప్రాంతాలలో ఒకటి. ఓఎన్‌జీసీ, లార్సెన్ అండ్ టుబ్రో, రిలయన్స్, క్రిభ్‌కో, ఆర్సెలర్ మిత్తల్ నిప్పన్ స్టీల్ సంస్థలకు అక్కడ పెద్ద కర్మాగారాలు ఉన్నాయి. ఇవన్నీ భారీ యంత్రాలతో, వేలాది కార్మికులతో, ప్రమాదానికి ఆస్కారమున్న ప్రక్రియలతో నడిచేవే. వీటి అధిపతుల బాధ్యత ఒకరికంటే ఒకరిది తక్కువని చెప్పడం కష్టం. అయినా వారిలో ఒకరి జీతం ఏడాదికి పదుల కోట్లు. మరొకరిది అందులో యాభయ్యో వంతుకు అటూఇటూ. ఇంకొకరు అసలు జీతమే తీసుకోరు. మిగిలిన ఇద్దరి జీతం ఎంతో బయటివారికి చెప్పాలన్న లిస్టింగ్ నిబంధన వారికి వర్తించదు.

కంపెనీ అధిపతులకు ఇంత పెద్ద వేతనాలు సమంజసమా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా చర్చ ప్రతిభ చుట్టూ తిరుగుతుంది. హజీరా చూపించేది వేరు. అక్కడ జీతంలోని తేడాను ప్రతిభ కంటే ఎక్కువగా నిర్ణయిస్తున్నది కంపెనీ ఎవరిది అన్న అంశం.

51 కోట్ల రూపాయల వెనుక

ఈ చర్చ 2025 జనవరిలో ఒక్కసారిగా ఇళ్లలోకి వచ్చింది. ఎల్ అండ్ టీ ఛైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ ఉద్యోగులతో మాట్లాడిన వీడియో ఒకటి బయటపడింది. వారానికి 90 గంటలు పనిచేయాలని, ఆదివారాలు పనిచేయించలేకపోతున్నందుకు విచారిస్తున్నానని ఆయన అందులో అన్నారు. ఇంట్లో కూర్చుని భార్య ముఖాన్ని ఎంతసేపు చూస్తారన్న మాట మరింత దుమారం రేపింది. అసాధారణ ఫలితాలకు అసాధారణ కృషి అవసరమన్నదే ఆ మాటల సారాంశమని కంపెనీ తర్వాత వివరణ ఇచ్చింది.

అప్పుడే చాలామంది కంపెనీ వార్షిక నివేదికను తెరిచారు. 2023-24 ఆర్థిక సంవత్సరంలో ఆయన మొత్తం వేతనం 51.05 కోట్ల రూపాయలు. అంతకు ముందటి ఏడాదితో పోలిస్తే 43 శాతం ఎక్కువ. ఎల్ అండ్ టీ ఉద్యోగుల మధ్యస్థ వేతనం, అంటే జీతాలన్నిటినీ వరుసగా పేర్చితే సరిగ్గా నడుమ నిలిచే జీతం, ఏడాదికి 9.55 లక్షలు. ఆయన వేతనం దానికి 534.57 రెట్లు.

ఆ 51 కోట్లలో మూల వేతనం 3.6 కోట్లు మాత్రమే. 35.28 కోట్లు లాభాలపై కమీషన్. సుమారు 10.5 కోట్లు పదవీ విరమణ ప్రయోజనాలు. మిగిలినవి ఇతర సదుపాయాలు. కాబట్టి ‘నెలజీతం’ అన్న మాట ఇక్కడ అంతగా అతకదు. కంపెనీ లాభం పెరిగితే ఆయన వాటా పెరుగుతుంది. ఆ ఏడాది ఎల్ అండ్ టీ ఏకీకృత నికర లాభం 13,059 కోట్లు. అందులో 51 కోట్లు అంటే 0.4 శాతం కూడా కాదు.

అధిక వేతనాలను సమర్థించేవారు మొదట చూపేది ఈ లెక్కనే. ఆ 51 కోట్లను నాలుగు లక్షల మంది కార్మికులకు సమానంగా పంచితే ఒక్కొక్కరికి నెలకు దాదాపు 106 రూపాయలు వస్తాయి. అధిపతి జీతం తగ్గించినంత మాత్రాన కార్మికుడి బతుకు మారదన్నది వారి వాదన. లెక్కలో తప్పు లేదు. కానీ ఎంత ఇవ్వాలో ఎవరు, ఏ ప్రాతిపదికన నిర్ణయించారన్న ప్రశ్నకు ఈ భాగహారం సమాధానం చెప్పదు.

ఆవలి ఒడ్డున ఏముంది?

హజీరాలోని ఓఎన్‌జీసీ కర్మాగారం అరేబియా సముద్రంలోని బసేన్ క్షేత్రం నుంచి వచ్చే గంధకంతో కూడిన సహజవాయువును శుద్ధి చేస్తుంది. ఓఎన్‌జీసీ ప్రభుత్వ రంగ సంస్థ. ఇలాంటి అగ్రశ్రేణి సంస్థల అధిపతి మూల వేతన శ్రేణిని కేంద్ర ప్రభుత్వమే నిర్ణయించింది: నెలకు 2 లక్షల నుంచి 3.7 లక్షల రూపాయలు. గరిష్ఠ మొత్తాన్నే తీసుకున్నా ఏడాదికి 44.4 లక్షలు. కరువు భత్యం, పనితీరు ప్రోత్సాహకం వంటివి కలుపుకొన్నా అది పెద్ద ప్రైవేటు కంపెనీల దరిదాపుల్లోకి రాదు. 2023-24లో ఓఎన్‌జీసీ సొంత నికర లాభం 40,526 కోట్లు. ఎల్ అండ్ టీ లాభానికి మూడు రెట్లకు పైగా.

బ్యాంకింగ్ రంగంలోనూ ఇదే తంతు. 2022-23లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా నికర లాభం 50,232 కోట్ల రూపాయలు. ఆ ఏడాది ఛైర్మన్‌గా ఉన్న దినేశ్ ఖారా జీతం సుమారు 37 లక్షలు. అదే ఏడాది హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ అధిపతి వేతనం 10 కోట్లు దాటింది. స్టేట్ బ్యాంక్‌లో ఆ కుర్చీలో 2024 ఆగస్టు నుంచి ఉన్నవారు గద్వాల ప్రాంతానికి చెందిన చల్లా శ్రీనివాసులు శెట్టి. ప్రొబేషనరీ అధికారిగా చేరి అక్కడిదాకా ఎదిగిన ఆయనకు ప్రైవేటు బ్యాంకులో ఎంత వచ్చేదన్న ఊహ బ్యాంకు ఉద్యోగుల సంభాషణల్లో ఎప్పుడూ ఉండేదే.

ఇక రిలయన్స్. హజీరాలో ఆ సంస్థకు పెట్రోరసాయనాల సముదాయం ఉంది. ముకేశ్ అంబానీ 2008-09 నుంచి తన వేతనాన్ని ఏడాదికి 15 కోట్లకు పరిమితం చేసుకున్నారు. కోవిడ్ తర్వాత, 2020-21 నుంచి జీతం తీసుకోవడం పూర్తిగా మానేశారు. ఇది నిరాడంబరతలా కనిపిస్తుంది. అయితే కంపెనీలోని సుమారు 1,353 కోట్ల షేర్లలో సగం ప్రమోటర్ కుటుంబానికి, దాని సంస్థలకు చెందినవే. 2024-25కు ప్రకటించిన డివిడెండ్ షేరుకు 5.5 రూపాయలు. ఆ లెక్కన ప్రమోటర్ల వాటాకు వచ్చేది దాదాపు 3,700 కోట్లు. యజమానికి జీతం ఒక చిన్న జేబు. పెద్ద జేబు వేరే ఉంది.

క్రిభ్‌కో ఎరువుల కర్మాగారం సహకార రంగానిది. దాని యజమానులు దేశవ్యాప్తంగా ఉన్న వేలాది సహకార సంఘాలు. ఒకప్పటి ఎస్సార్ స్టీల్‌ను 2019 డిసెంబరులో దివాలా ప్రక్రియ ద్వారా దక్కించుకున్న ఆర్సెలర్ మిత్తల్ నిప్పన్ స్టీల్ ఇండియా స్టాక్ మార్కెట్లో నమోదు కాలేదు. అధిపతి జీతం మధ్యస్థ ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లో ప్రకటించాలన్న నిబంధన నమోదైన కంపెనీలకే వర్తిస్తుంది. ఆ మాటకొస్తే సూరత్ సంపదకు మూలమైన వజ్రాల సంస్థల్లో, వస్త్ర పరిశ్రమల్లో అత్యధిక భాగం కుటుంబ వ్యాపారాలే. దీపావళికి ఉద్యోగులకు కార్లు, ఫ్లాట్లు బహూకరించే సూరత్ వజ్రాల వ్యాపారి కథ దేశమంతా తెలుసు. ఆ సంస్థలో పైనుంచి కిందికి జీతాల నిష్పత్తి ఎంతో తెలిసినవారు అరుదు.

ఈ ఐదింటిలో ఎల్ అండ్ టీది ప్రత్యేక స్థితి. దానికి ప్రమోటర్ లేరు. షేర్లలో సుమారు 14 శాతం ఉద్యోగుల ట్రస్టు చేతిలో ఉన్నాయి. పదో వంతుకు పైగా ఎల్ఐసీవి. మిగిలినవి మ్యూచువల్ ఫండ్లు, విదేశీ సంస్థలు, చిన్న మదుపరులవి. దానిని నడిపేది జీతానికి పనిచేసే వృత్తి నిపుణులు. ఈ పరిస్థితికి ప్రధాన కారకుడు ఏ.ఎం. నాయక్. హజీరాకు దక్షిణంగా ఉన్న నవసారి జిల్లా ఎంధల్ ఆయన స్వగ్రామం. 1965లో జూనియర్ ఇంజినీర్‌గా చేరి, 1999లో సంస్థ పగ్గాలు చేపట్టారు. 2000 దశకం మొదట్లో బిర్లా గ్రూపు ఎల్ అండ్ టీలో వాటా పెంచుకుంటున్నప్పుడు, సిమెంటు వ్యాపారాన్ని వారికి వదిలి ఆ వాటాను ఉద్యోగుల ట్రస్టుకు దక్కేలా చేసిన ఒప్పందం ఆయన హయాంలోనిదే. 2016-17లో నాయక్ వేతనం సుమారు 79 కోట్లు. సంపాదనలో అధిక భాగాన్ని దానధర్మాలకు ఇస్తానని 2016లో ఆయన ప్రకటించారు.

కె9 వజ్ర శతఘ్నులు తయారైనదీ, ఫ్రాన్స్‌లోని అంతర్జాతీయ ఫ్యూజన్ ప్రయోగశాల ఐటీఈఆర్ కోసం భారీ క్రయోస్టాట్ భాగాలు వెళ్లినదీ హజీరాలోని ఎల్ అండ్ టీ కర్మాగారం నుంచే. యజమాని లేని సంస్థను ఈ స్థాయికి తెచ్చినవారికి పెద్ద వేతనం ఇస్తే తప్పేమిటని అడిగేవారి వాదనకు బలం ఇక్కడి నుంచే వస్తుంది.

ప్రతిభకు ధర కట్టడం

ఈ వాదనకు ఆర్థికశాస్త్రంలో ఒక పటిష్ఠమైన రూపం ఉంది. 2008లో గ్జేవియర్ గబే, ఆగస్టిన్ లాండియే అనే ఆర్థికవేత్తలు ఒక సిద్ధాంతాన్ని ప్రచురించారు. 1980 నుంచి 2003 వరకు అమెరికాలో పెద్ద కంపెనీల సీఈఓల వేతనాలు ఆరు రెట్లు పెరిగాయి. అదే కాలంలో ఆ కంపెనీల మార్కెట్ విలువ కూడా ఆరు రెట్లు పెరిగింది. అందుచేత వేతనాల పెరుగుదలకు కంపెనీల పరిమాణమే కారణమన్నారు.

వారి పరిశోధనలో మరింత ఆసక్తికరమైన అంశం ఒకటుంది. ప్రతిభలో 250వ స్థానంలో ఉన్న సీఈఓను తీసి మొదటి స్థానంలో ఉన్న సీఈఓను పెడితే కంపెనీ విలువ పెరిగేది 0.016 శాతమే. అంటే ప్రతిభల మధ్య తేడా అత్యల్పం. కానీ ఐదు లక్షల కోట్ల రూపాయల మార్కెట్ విలువ ఉన్న కంపెనీకి ఆ 0.016 శాతం అంటే 80 కోట్లు. చిన్న తేడాకే పెద్ద ధర పలకడం వెనుక ఉన్న గుట్టు ఇదే. ఒక చిన్న ఊరి కిరాణా కొట్టు లెక్కలను సర్దే గుమాస్తా ఎంత చురుకైనవాడైనా అతని చురుకుదనం వల్ల మిగిలేది వందల్లోనే. లక్షల కోట్ల వ్యాపారంలో అదే చురుకుదనం విలువ కోట్లలో ఉంటుంది.

ఈ సిద్ధాంతాన్ని అంగీకరిస్తే ఒక చిక్కు వస్తుంది. స్టేట్ బ్యాంకు, ఓఎన్‌జీసీ పరిమాణంలో ఏ ప్రైవేటు సంస్థకూ తీసిపోవు. అక్కడ లక్షల్లో జీతం తీసుకునే అధిపతులతోనే దశాబ్దాలుగా సంస్థలు నడుస్తున్నాయి. ప్రభుత్వ రంగంలో హోదా, ఉద్యోగ భద్రత, పదవీ విరమణ తర్వాతి అవకాశాలు జీతానికి తోడవుతాయన్నది నిజం. వారి నిర్ణయాలపై మంత్రిత్వ శాఖల ప్రభావం ఉంటుందని, ప్రైవేటు అధిపతికి ఉన్న స్వేచ్ఛ గానీ, ఒక్క త్రైమాసికం తప్పితే ఊడిపోయే ప్రమాదం గానీ వారికి ఉండవని కూడా అంటారు. ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా యాభై రెట్ల తేడాను వివరించడం తేలిక కాదు.

చమురు ధర పెరిగితే ఎవరి గొప్పతనం?

అధిక వేతనాలపై అతి సూటి విమర్శ హజీరా వంటి చోట తేలిగ్గా అర్థమవుతుంది. 2001లో మరియన్ బెర్ట్రాండ్, సెంధిల్ ముల్లైనాథన్ అమెరికా చమురు కంపెనీలను పరిశీలించారు. ప్రపంచ మార్కెట్లో చమురు ధర పెరిగితే ఆ కంపెనీల లాభాలు వాటంతటవే పెరుగుతాయి. అందులో సీఈఓ చేసిందేమీ ఉండదు. అయినా ధర పెరిగినప్పుడల్లా సీఈఓల వేతనాలూ పెరిగాయని వారు గుర్తించారు. ప్రతిభకు ఇవ్వవలసినదాన్ని అదృష్టానికి ఇస్తున్నారన్నమాట.

మరో విమర్శ అధికారానికి సంబంధించింది. హార్వర్డ్ న్యాయ ఆచార్యుడు లూసియన్ బెబ్‌చుక్, జెస్సీ ఫ్రైడ్ 2004లో రాసిన పుస్తకంలో దీన్ని వివరించారు. సీఈఓ వేతనాన్ని డైరెక్టర్ల బోర్డు నిర్ణయిస్తుంది. బోర్డులోకి ఎవరు రావాలన్న విషయంలో సీఈఓకు ప్రభావం ఉంటుంది. బేరమాడే ఇద్దరూ ఒకే బల్ల చుట్టూ, ఒకే వైపు కూర్చున్నట్లు ఉంటుంది వ్యవహారం. దీనికి తోడు ప్రతి బోర్డూ తమ సీఈఓ సగటు కంటే మెరుగైనవారేనని నమ్ముతుంది కాబట్టి ఇతర కంపెనీల సగటు కంటే కాస్త ఎక్కువే ఇవ్వాలనుకుంటుంది. అందరూ అలాగే చేస్తే ఏటేటా ఆ సగటే పైకి జరుగుతుంది.

బోర్డులో పేరున్నవారు ఉంటే చాలన్న నమ్మకం ఎంత బలహీనమైనదో తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2008 డిసెంబరు 16న హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ బోర్డు, ప్రమోటర్ కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనే ప్రతిపాదనను ఆమోదించింది. ఆ బోర్డులో హార్వర్డ్ ఆచార్యుడు సహా ప్రముఖ స్వతంత్ర డైరెక్టర్లు ఉన్నారు. దానిని ఆపింది బోర్డు కాదు. వార్త బయటకు రాగానే షేర్లు అమ్మేసిన మదుపరులు.

మీటరు లెక్కన పనిచేసేవారు

పనితీరును బట్టి వేతనం అన్న సూత్రం సూరత్‌లో అత్యంత కఠినంగా అమలయ్యేది కార్పొరేటు కార్యాలయాల్లో కాదు, లింబాయత్, ఉధ్నా ప్రాంతాల చుట్టుపక్కల మరమగ్గాల షెడ్లలో. అక్కడి కార్మికులకు కూలి మీటరు లెక్కన. నేసిన మీటర్లకే డబ్బు. షిఫ్టు సాధారణంగా 12 గంటలు. కరెంటు పోతే, నూలు ధర పెరిగి యజమాని మగ్గం ఆపితే, దీపావళికి మార్కెట్ మూతపడితే ఆ రోజులకు రాబడి ఉండదు. ఒడిశా నుంచి వచ్చినవారు ఎక్కువగా ఉన్న ఈ పనిలో తెలుగు పద్మశాలి కుటుంబాలదీ పాత చరిత్రే. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడుపుతోంది. సూరత్, భివండీ, షోలాపూర్‌లకు వెళ్లిన నేతన్నలను తిరిగి రప్పించడం ఒక లక్ష్యంగా 2017 అక్టోబరులో వరంగల్ సమీపాన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు అప్పటి తెలంగాణ ప్రభుత్వం శంకుస్థాపన చేసింది.

ఇక్కడ రెండు రకాల ‘పనితీరు వేతనాలు’ పక్కపక్కనే ఉన్నాయి. నేత కార్మికుడికి మార్కెట్ బాగుంటే మీటరుకు కొన్ని పైసలు పెరగవచ్చు. బాగోకపోతే నష్టం మొత్తం అతనిదే. కంపెనీ అధిపతికి లాభంపై కమీషన్ ఉంటుంది. నష్టం వస్తే కమీషన్ ఉండదు గానీ మూల వేతనం, సదుపాయాలు, విరమణ ప్రయోజనాలు ఉంటాయి. పైకి వెళ్లే మెట్లు ఇద్దరికీ ఉన్నాయి. కింద పరచిన పరుపు మాత్రం ఒకరికే ఉంది.

ఈ లోపాన్ని సరిదిద్దేందుకు బ్యాంకింగ్ రంగంలో కొంత ప్రయత్నం జరిగింది. ప్రైవేటు బ్యాంకుల అధిపతుల వేతనంలో కనీసం సగం పనితీరుతో ముడిపడి ఉండాలని, అందులో గణనీయమైన భాగాన్ని కొన్నేళ్లపాటు వాయిదా వేయాలని, తర్వాత తప్పు బయటపడితే తిరిగి రాబట్టుకోవాలని రిజర్వ్ బ్యాంక్ 2019 నవంబరులో ఆదేశించింది. అదే ఏడాది మొదట్లో ఐసీఐసీఐ బ్యాంక్ తన మాజీ అధిపతి చందా కొచ్చర్‌కు 2009 నుంచి 2018 వరకు ఇచ్చిన బోనస్‌లను వెనక్కి తీసుకోవాలని నిర్ణయించిన నేపథ్యం ఈ ఆదేశాలకు ఉంది. బ్యాంకుల వంటి ఆర్థిక సంస్థలకు బయట ఇటువంటి కట్టుబాటు చాలావరకు కంపెనీల ఇష్టానికే ఉంది.

అడ్డు చెప్పగలిగేది ఎవరు?

1991 సంస్కరణలకు ముందు మేనేజింగ్ డైరెక్టర్ల వేతనానికి ప్రభుత్వం గరిష్ఠ పరిమితి విధించేది. ఇప్పుడు 2013 కంపెనీల చట్టం ప్రకారం పబ్లిక్ కంపెనీల్లో డైరెక్టర్లందరి వేతనాలూ కలిపి నికర లాభంలో 11 శాతం, ఒక్క మేనేజింగ్ డైరెక్టర్‌కు 5 శాతం పరిమితి. అది దాటాలంటే ఒకప్పుడు కేంద్రం అనుమతి కావలసి వచ్చేది. 2018 సెప్టెంబరు నుంచి వాటాదారుల ప్రత్యేక తీర్మానం చాలు. వేల కోట్ల లాభాలున్న కంపెనీలో 5 శాతం పరిమితి ఎవరినీ ఆపదు. ఎల్ అండ్ టీ లాభాన్ని ఉదాహరణగా తీసుకుంటే అది దాదాపు 650 కోట్లకు వస్తుంది.

చట్టం కంటే ఎక్కువగా పనిచేసినవి వాటాదారుల ఓట్లు. ప్రమోటర్ కుటుంబానికి చెందిన కార్యనిర్వాహక డైరెక్టర్ వేతనం నిర్దిష్ట హద్దు దాటితే ప్రత్యేక తీర్మానం అవసరమని సెబీ నిబంధన తెచ్చింది. అటువంటి తీర్మానానికి కనీసం నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలి. 2018లో అపోలో టైర్స్ మేనేజింగ్ డైరెక్టర్ నీరజ్ కన్వర్ పునర్నియామకాన్ని చిన్న వాటాదారులు తిరస్కరించారు. లాభం తగ్గుతుంటే వేతనం పెరుగుతోందన్నది వారి అభ్యంతరం. ఆ తర్వాత తండ్రీకొడుకులు వేతనంలో 30 శాతం కోతకు అంగీకరించారు. 2021లో ఐషర్ మోటార్స్ సిద్ధార్థ లాల్ విషయంలోనూ అలాగే జరిగింది. తక్కువ పరిమితితో మళ్లీ తీర్మానం పెట్టాకే అది నెగ్గింది.

హైదరాబాద్‌లోని దివీస్ లేబొరేటరీస్ మరో రకం. 1990లో సంస్థను స్థాపించిన మురళి దివి వేతనం 2021-22లో సుమారు 110 కోట్లు. ఔషధ రంగంలో దేశంలోనే అత్యధికం. అందులో సింహభాగం లాభంపై కమీషన్. కంపెనీలో సగానికి పైగా షేర్లు ఆ కుటుంబానివే. వ్యవస్థాపకుడు కాబట్టి ఆ ప్రతిఫలానికి అర్హుడని చాలామంది అంటారు. వ్యవస్థాపకుడికి షేర్ల రూపంలో ఆ ప్రతిఫలం ఇప్పటికే అందుతోంది కదా, అదే కష్టానికి రెండోసారి ఎందుకన్నది ఎదుటి ప్రశ్న. ఇందులో రెండో వాదనే బలంగా కనిపిస్తుంది. డివిడెండ్ అయితే ప్రతి వాటాదారుకూ సమాన నిష్పత్తిలో వస్తుంది. కమీషన్ ఒక్కరికే వస్తుంది.

ఎల్ఐసీ పాలసీ ఉన్న ఉపాధ్యాయుడు, నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వెయ్యి రూపాయలు వేసే ఉద్యోగి ఈ కథకు దూరంగా ఉన్నామనుకుంటారు. నిజానికి పెద్ద కంపెనీల వేతన తీర్మానాలపై పడే ఓట్లలో వారి డబ్బు ఉంది. 2022 ఏప్రిల్ నుంచి మ్యూచువల్ ఫండ్లు తమ వద్దనున్న షేర్లకు సంబంధించిన ప్రతి తీర్మానంపైనా తప్పనిసరిగా ఓటు వేయాలి. ఎటు వేశాయో వెబ్‌సైటులో పెట్టాలి. చూసేవారు తక్కువ.

మిగతా ప్రపంచం ఏం చేసింది?

స్విట్జర్లాండ్ ప్రజలు 2013లో ఈ అంశంపై రెండుసార్లు ఓటు వేశారు. మార్చిలో, అధిపతుల వేతనాలపై వాటాదారుల ఓటుకు కట్టుబడాలన్న ప్రతిపాదనను భారీ ఆధిక్యంతో ఆమోదించారు. నవంబరులో, ఒక కంపెనీలో అత్యధిక జీతం అత్యల్ప జీతానికి 12 రెట్లు మించరాదన్న ప్రతిపాదనను దాదాపు 65 శాతం మంది తిరస్కరించారు. నిర్ణయించే హక్కు యజమానులకు ఉండాలన్నారు గానీ, ప్రభుత్వం అంకె విధించడానికి ఒప్పుకోలేదు.

హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ అధిపతిగా 2024 ఆర్థిక సంవత్సరంలో 7.91 కోట్ల డాలర్ల వేతనం పొందారు. అప్పటి మారకపు రేటున 650 కోట్ల రూపాయలకు పైమాటే. అందులో దాదాపు 90 శాతం షేర్ల రూపంలో వచ్చింది. కంపెనీ ఉత్పత్తులపై జరిగిన సైబర్ దాడులకు తన బాధ్యతను గుర్తిస్తూ నగదు ప్రోత్సాహకాన్ని తగ్గించమని ఆయనే కోరగా, అది సగానికి తగ్గి 52 లక్షల డాలర్లయింది. అయినా మొత్తం వేతనం అంతకు ముందటి ఏడాది కంటే ఎక్కువే. షేర్ల ధర పెరిగింది మరి.

534 రెట్లు... ఎవరితో పోల్చితే?

2025 జనవరిలో అందరి నోటా నానిన 534 అన్న అంకెలో ఒక పెద్ద ఖాళీ ఉంది. మధ్యస్థ వేతనాన్ని లెక్కించేది కంపెనీ జీతాల పట్టికలో ఉన్న ఉద్యోగులతోనే. ఏడాదికి 9.55 లక్షలు సంపాదించే ఆ మధ్యస్థ ఉద్యోగి చాలావరకు ఇంజినీరో, కార్యాలయ సిబ్బందో. వంతెనలు, మెట్రోలు, కర్మాగారాలు కట్టే కార్మికులు అత్యధికంగా కాంట్రాక్టర్ల కింద ఉంటారు. వారు ఆ లెక్కలోకి రారు.

ఆ వర్గం ఎంత పెద్దదో సుబ్రహ్మణ్యనే 2025 ఫిబ్రవరిలో చెన్నైలో జరిగిన ఒక పారిశ్రామిక సదస్సులో చెప్పారు. సంస్థకు ఏ సమయంలోనైనా నాలుగు లక్షల మంది కార్మికులు కావాలని, ఏడాదికి మూడు నాలుగు సార్లు వారు మారిపోతుంటారు కాబట్టి మొత్తం 16 లక్షల మందిని సమకూర్చుకోవలసి వస్తోందని అన్నారు. సంక్షేమ పథకాల వల్ల, స్థానికంగా ఆదాయం బాగుండటం వల్ల కార్మికులు ఊరు విడిచి రావడం లేదన్నది ఆయన అభిప్రాయం. పనివారు నిలవకపోవడానికి కూలి కూడా ఒక కారణం కావచ్చునని కార్మిక సంఘాలు అంటాయి. ఉన్నత స్థానానికి మనిషి దొరకకపోతే వేతనం పెంచాలన్నది మార్కెట్ సూత్రమైతే, తాపీమేస్త్రీ దొరకనప్పుడూ అదే సూత్రం వర్తించాలి కదా.

రోజుకు 500 రూపాయల చొప్పున 300 రోజులు పని దొరికే కార్మికుడిని ఊహించుకుంటే అతని వార్షికాదాయం లక్షన్నర. 51 కోట్లు దానికి 3,400 రెట్లు. కంపెనీ ఏ నిబంధననూ ఉల్లంఘించకుండానే 534 ఒక చోట, 3,400 మరో చోట నిలబడగలవు.

ఈ ఖాళీని పూడ్చే సమాచారం పూర్తిగా రహస్యమేమీ కాదు. మార్కెట్ విలువలో మొదటి 1,000 స్థానాల్లో ఉన్న కంపెనీలు 2022-23 నుంచి వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదికను తప్పనిసరిగా సమర్పించాలని సెబీ ఆదేశించింది. శాశ్వతం కాని కార్మికులు ఎందరు, వారిలో కనీస వేతనం మాత్రమే పొందేవారు ఎందరు, అంతకంటే ఎక్కువ పొందేవారు ఎందరు అన్న పట్టిక అందులో ఉంటుంది. అధిపతి వేతనం, మధ్యస్థ నిష్పత్తి ఉండేది అదే వార్షిక నివేదికలో మరో అనుబంధంలో. రెండు పట్టికల మధ్య కొన్ని పదుల పేజీల దూరం ఉంటుంది. వాటిని కలిపి ఒకే అంకెగా ప్రకటించాలన్న నిబంధన ఇంతవరకు లేదు.